తొలినాటి చర్చి ఫొటోల్లో జనం ఎందుకు కనిపించరు?

ప్రశ్న (అబిడ్స్, హైదరాబాద్): 1852లో ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ ఆన్రీ ల సెక్ తీసిన, ఫ్రాన్సులోని షార్త్ర్ కెథెడ్రల్ (పెద్ద చర్చి) ఫొటోల్లో ద్వారం పక్కనున్న రాతి విగ్రహాల వస్త్రాల మడతలు కూడా స్పష్టంగా కనిపిస్తుండగా, మనుషుల జాడ లేకపోవడానికి కారణం ఏమిటండీ?

జవాబు: కాగితపు నెగటివ్‌పై బొమ్మ పడడానికి చాలాసేపు వెలుతురు కావలసి వచ్చేది కనుక, నడిచేవారి రూపం అందులో పడేది కాదండి.

మరో జవాబు: ఈ ఫొటోలకు ముందు ఏడాదే, 1851లో, ఫ్రాన్సు చారిత్రక కట్టడాల సంఘం, మరమ్మతు అవసరమైన కట్టడాలను నమోదు చేయడానికి ల సెక్‌తో సహా ఐదుగురు ఫొటోగ్రాఫర్లను పంపింది. భక్తుల ప్రార్థనాలయాన్ని ఊరందరి సొత్తుగా చూపగల, ఆ ఐదుగురు తీసిన చిత్రాలను ఆ సంఘం ప్రచురించకుండా దాచి ఉంచడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

ఇంకొకరు: సికింద్రాబాద్ సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. అక్కడి పాత పెళ్లి ఫొటోల్లో వధూవరుల వెనుక కనిపించే గోడలు, కిటికీలు కూడా నగర చరిత్రే కాబట్టి, ఆల్బములు ఉన్నవారు దయచేసి స్కాన్ చేయించి, వెనుక రాసిన తేదీలతో సహా భద్రపరచండి.