నిరస్తపాదపే దేశే: అక్కడ చెట్లు లేవా, పోయాయా?

జయనగర్ నుంచి:
వృక్షశాస్త్రం చదివే డిగ్రీ విద్యార్థులను శనివారం బెంగళూరు లాల్‌బాగ్ తోటలోని బండ మీదికి తీసుకువెళ్ళాను. సుమారు 300 కోట్ల ఏళ్ళ నాటి ఆ నైస్ (gneiss) అనే రూపాంతర శిల మీద లైకెన్లు (శిలీంధ్రం, శైవలం కలిసి బతికే జీవులు) పెచ్చులు కట్టి ఉన్నాయి. వాననీరు నిలిచే గుంటల అంచున మాస్ (నాచులాంటి చిన్న మొక్కలు), అది పట్టి ఉంచిన దుమ్ములో గడ్డి కనిపించాయి. ఒక అమ్మాయి గుంటలో పెన్సిల్ గుచ్చితే రెండంగుళాలైనా దిగకముందే మొన రాతికి తగిలి టక్కుమంది. "మట్టి ఇంతేనా?" అని ఆశ్చర్యపోయింది. తొలిగా వచ్చి నిలిచే మొక్కలను గురించి చెబుతూ 'చెట్టు లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం' అన్నాను. సంస్కృతంలో అది 'నిష్పాదపే దేశే' అని మొదలవుతుందని లీలగా గుర్తు. సరైన పాఠం ఏది?

మల్లేశ్వరం నుంచి:
అది అనుష్టుప్పు ఛందస్సులోని శ్లోకం; దాని పాదానికి ఎనిమిది అక్షరాలుండాలి, మీ పాఠంలో ఆరే ఉన్నాయి. హితోపదేశంలో ఉన్నది 'నిరస్తపాదపే దేశే ఏరండోఽపి ద్రుమాయతే'. నిరస్తమంటే తోసివేయబడినది, మన 'నిరసన' కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే. అంటే అక్కడ చెట్లుండేవి, పోయాయి, మట్టి మాత్రం మిగిలింది. మీ శాస్త్రంలో అలా మిగిలిన మట్టిలో మొక్కలు మళ్ళీ వరుసగా రావడం ద్వితీయ అనుక్రమం కదా. మట్టి ఇంకా పుట్టవలసి ఉన్న బండకు ఈ శ్లోకం వర్తించదు.

యలహంక నుంచి:
ధాత్వర్థాన్ని అంత బిగించి పట్టుకోనక్కరలేదు. సమాసానికి ముందు చేరిన 'నిరస్త' చాలా చోట్ల 'లేని' అనే అర్థాన్నే ఇస్తుంది. నన్ను ఆపే మాట 'ద్రుమాయతే'. ఆముదం చెట్టు అయిపోలేదు, చెట్టులా నడుచుకుంటోంది. 'తినగ తినగ వేము తియ్యనుండు' అన్న వేమన కూడా వేపను వేపగానే ఉంచాడు, మారింది తినేవాడి నాలుకే. మన సామెత మాత్రం ఆముదాన్ని ఏకంగా మహావృక్షం చేసింది.

మల్లేశ్వరం నుంచి:
'లేని' అనడమే కవి ఉద్దేశమైతే 'విహీన' వంటి మాటలకు కొదవ లేదు. ఏరి మరీ 'నిరస్త' వేశాడంటే పోయిన చెట్లు ఆయన కళ్ళ ముందున్నాయని నా నమ్మకం.

జయనగర్ నుంచి:
బండ మీద మాకు ఆముదం ఒక్కటీ కనబడలేదు. మా వీధిలో పాత ఇల్లు కూల్చిన ఖాళీ స్థలంలో మాత్రం నడుమెత్తు పెరిగింది. వచ్చే వారం పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళి, పెన్సిల్ ఎంత దిగిందో ఇక్కడే రాస్తాను.