‘ప్రారబ్ధం’ ఎప్పుడూ చెడ్డదేనా? రాసేటప్పుడు బ్దనా, బ్ధనా?

ఉపశీర్షికల పని:
ఒక వేదాంత ప్రసంగానికి తెలుగు ఉపశీర్షికలు సిద్ధం చేస్తున్నాం. అందులో వక్త మాట ఇది: “మంచి గురువు దొరకడం కూడా ప్రారబ్ధమే.” చదివిన ముగ్గురూ ఇక్కడే ఆగారు. గురువు దొరకడాన్ని ఖర్మ అంటారేమిటని అడుగుతున్నారు. వక్త పొరపాటున అన్నారా, మన చెవే అలా తయారైందా? ఇంకోటి, దీన్ని ప్రారబ్దం అనీ ప్రారబ్ధం అనీ రెండు రకాలుగా రాస్తున్నారు. ఏది సరి?

వ్యాకరణం మాస్టారు:
ముందు వర్ణక్రమం సంగతి తేల్చేద్దామండి. సరైనది ప్రారబ్ధం, బ కింద ధ వత్తు.

ధాతువు రభ్. దాని ముందు ప్ర, ఆ అనే ఉపసర్గలు, చివర క్త ప్రత్యయం. క్తలో మిగిలేది ‘త’ మాత్రమే. రభ్ + త అన్నప్పుడు, భ తర్వాత వచ్చిన త కాస్తా ధ అవుతుంది (పాణిని సూత్రం ఝషస్తథోర్ధోఽధః, 8.2.40). ఆపైన ముందున్న భ తన ఒత్తు వదిలేసి బ అవుతుంది (ఝలాం జశ్ ఝశి, 8.4.53). అంటే భలో ఉన్న ఒత్తు ఎక్కడికీ పోలేదు, పక్కింటికి మారింది.

సూత్రాలు గుర్తుండకపోయినా ఫరవాలేదు. అదే కుటుంబంలో ‘భ’ వినిపించే మాట ఒకటి ఉందేమో చూడండి. ప్రారంభం ఉంది కాబట్టి ప్రారబ్ధం. లాభం, లబ్ధి. లోభం, లుబ్ధుడు. క్షోభ, క్షుబ్ధం. స్తంభం, స్తబ్ధం. భ ఉన్న ప్రతిచోటా ధ వత్తు వచ్చింది. శబ్దానికి, శతాబ్దానికి అలాంటి భ లేదు, కాబట్టి వాటికి ద వత్తే. నిశ్శబ్దంలో ద, స్తబ్ధతలో ధ. అర్థంలో చుట్టాలే గానీ రాతలో కాదు.

తప్పు ఎందుకొస్తుందంటే, దశాబ్దం, శబ్దం రోజూ కంటబడే మాటలు. చెయ్యి ఆ అలవాటులోనే పోతుంది. పైగా చిన్న అచ్చులో ధ వత్తు కింది గీత కనబడి చావదు.

సారె:
అర్థం సంగతికొస్తాను. వక్త మాటలో తప్పేమీ లేదు. ప్రారబ్ధం అంటే ‘మొదలైపోయినది’, అంతే. నిజానికి అది విశేషణం. ప్రారబ్ధ కర్మ అనేది పూర్తి మాట. శంకరుల పేరిట ఉన్న తత్త్వబోధలో దీనికి నిర్వచనం ఉంది. ఈ శరీరాన్ని పుట్టించి ఈ లోకంలో “సుఖదుఃఖాదిప్రదం” అయిన కర్మ ప్రారబ్ధమనీ, అది అనుభవిస్తేనే తీరుతుందనీ అందులో చెప్పారు. సుఖం అన్న మాట ముందే ఉంది, చూడండి.

కర్మను మూడుగా చెబుతారు. సంచితం పోగుపడ్డది. ప్రారబ్ధం అందులోంచి ఫలం ఇవ్వడం మొదలుపెట్టింది. ఆగామి ఇకముందు ఫలించబోయేది. వాడుకలో అమ్ములపొది, వదిలేసిన బాణం, చేతిలో ఎక్కుపెట్టిన బాణం అని పోలిక చెబుతారు. బ్రహ్మసూత్ర భాష్యంలో (4.1.15) శంకరులు చెప్పిన కుమ్మరి సారె పోలిక నాకు ఇంకా నచ్చుతుంది. చెయ్యి తీసేసినా సారె వెంటనే ఆగదు, ఎక్కిన వేగం తీరేదాకా తిరుగుతుంది. బాణం పోలికలో తగలడం, గాయం ఉన్నాయి, అందుకే వినగానే చెడ్డే తడుతుంది. సారె పోలికలో వేగం ఒక్కటే ఉంది, మంచీ చెడూ లేవు.

ఒక జాగ్రత్త. ‘ఆగామి’ని అందరూ ఒకేలా వాడరు. తత్త్వబోధ ప్రకారం జ్ఞానం కలిగాక జ్ఞాని దేహంతో జరిగే కర్మ మాత్రమే ఆగామి. మామూలు ప్రసంగాల్లో ఇప్పుడు చేస్తున్న కర్మనంతటినీ అలా అంటారు. దానికి క్రియమాణం అనే మాట వేరుగా ఉంది. మీ వక్త ఏ అర్థంలో వాడారో చూసుకుని, మొత్తం ఉపశీర్షికల్లో ఒకటే ఉంచండి.

ఓరుగల్లు దిక్కు:
శాస్త్రంల సుఖం ఉన్నా మన నోట్లె లేదు కదండి. “ప్రారబ్ధం బాగుండి ఉద్యోగమొచ్చింది” అని ఎవరన్నా అంటరా? మా దిక్కు ‘గాచారం’ కూడ గంతే. గ్రహచారం అంటె గ్రహాల నడక, అండ్ల మంచి చెడ్డ ఏం లేదు. “నా గాచారం” అన్నమంటె మాత్రం ఏదో మునిగినట్టే. తలరాత సుత అటే ఒరిగింది.

పదకోశి:
అవును, ఇంకో విచిత్రం చూడండి. ‘అదృష్టం’ దీనికి సరిగ్గా ఎదురు దారిలో వెళ్ళింది. అ + దృష్టం, కనబడనిది. శాస్త్రంలో పుణ్యమూ అదృష్టమే, పాపమూ అదృష్టమే. తెలుగులో మంచి ఒక్కటే మిగిలి, చెడ్డకు ‘దుర్’ తగిలించాల్సి వచ్చింది. రెండువైపులా తూగే మాటలు రెండుంటే మనం చెరో పక్కకు పంచేశాం: వస్తే అదృష్టం, పోతే ప్రారబ్ధం. నాకైతే ఇది అజ్ఞానం అనిపించదు, భాష చేసుకున్న సర్దుబాటు అనిపిస్తుంది.

ఈ ఒరుగు నిన్న మొన్నటిది కూడా కాదు. త్యాగరాజు (1767–1847) స్వరావళి రాగ కీర్తన “ప్రారబ్ధమిట్టులుండగా” అని మొదలవుతుంది. నా ప్రారబ్ధం ఇలా ఉంటే ఇతరులను అని లాభం లేదని దాని భావం. అక్కడ చెడ్డ ప్రారబ్ధమని విడిగా చెప్పే పని పడలేదు.

ఇక ఖర్మ. ఖ ఒత్తు పలికామంటే అది విసుగు, నిట్టూర్పు. ఖర్మ కాలుతుంది, కర్మ కాలదు. కర్మ చేస్తారు, ఖర్మ చెయ్యరు. ‘ఆయన కర్మ ఎవరు చేస్తారు?’ అంటే అపరకర్మల సంగతి. అందుకే ఉపశీర్షికల్లో ‘మంచి కర్మ చేయండి’ అని రాయకండి, వినేవాళ్ళకు పదకొండో రోజు గుర్తుకొస్తుంది. ‘మంచి పనులు చేయండి’ చాలు.

గోదారి గట్టు:
అంతా బాగుందండీ, కానీ ప్రారబ్ధం అంటూ చేతులు ముడుచుకు కూర్చునే వాళ్ళకు ఈ వ్యాకరణం ఏం చెబుతుంది?

సారె:
చాలానే చెబుతుందండి. సంచితం, ప్రారబ్ధం రెండూ క్త ప్రత్యయాంతాలు, జరిగిపోయినవి. క్రియమాణం ‘చేయబడుతున్నది’, వర్తమానం. ఆగామి రాబోయేది. మన చెయ్యి ఆడేది ఎక్కడో మాటలోనే ఉంది.

పొయ్యి మీద పాలు పొంగాయనుకోండి. “నా ప్రారబ్ధం” అనేస్తాం. యోగసూత్రం (2.13) కర్మ విపాకాన్ని, అంటే కర్మ పండి ఇచ్చే ఫలాన్ని, జాతి (పుట్టుక), ఆయువు, భోగం (అనుభవం) అని మూడుగా చెప్పింది. పాలు పోయాయే అని చురుక్కుమన్న ఆ క్షణం భోగం, దాన్ని ప్రారబ్ధంలో వేసుకోవచ్చు. ఆ వెంటనే పక్కనున్న పిల్లను కసిరితే అది క్రియమాణం. మంట తగ్గించడమూ, గట్టు తుడవడమూ క్రియమాణమే. చురుక్కుమనడానికీ కసరడానికీ మధ్య ఉన్నది ఒక్క ఊపిరి. సాధన అని పెద్ద మాటతో పిలిచేది ఆ ఊపిరి దగ్గర ఆగడాన్నే. వాడుకలో పొరపాటల్లా కసురును కూడా ప్రారబ్ధం పద్దులో రాసెయ్యడం.

“కర్మణ్యేవాధికారస్తే” అందరికీ నోటికొచ్చు. ఆ గీతా శ్లోకం (2.47) నాలుగో పాదం మాత్రం ఎవరూ తలుచుకోరు: “మా తే సంగోఽస్త్వకర్మణి.” ఏమీ చేయకపోవడం మీద మోజు వద్దని.

పదకోశి:
సంస్కృతం దాకా ఎందుకు, తెలుగు ‘కొను’ చాలు. “చేసుకున్నవాడికి చేసుకున్నంత మహదేవా” అన్నదాంట్లో ‘చేసిన’ అని లేదు, ‘చేసుకున్న’ అని ఉంది. కాల్చాడు వేరు, కాల్చుకున్నాడు వేరు. క్రియకు కొను తగిలిందంటే ఫలం తిరిగి కర్త దగ్గరికే చేరుతుంది. కర్మ సిద్ధాంతాన్ని సహాయ క్రియలో దాచుకున్నాం మనం.

ఉపశీర్షికల పని:
అందరికీ దండాలు. ‘పూర్వపుణ్యం’ అని మార్చేద్దామా అనుకున్నాం. అప్పుడు వక్త ‘కూడా’ అనడంలోని కిటుకు పోతుంది. ఇలా రాస్తే?
“సుఖమైనా దుఃఖమైనా ప్రారబ్ధమే.
మంచి గురువు దొరకడమూ అంతే.”

ఓరుగల్లు దిక్కు:
మంచిగుంది. మొదటి లైన్ల ‘సుఖం’ ముందుగాలనే వచ్చె, ఇగ ఎవరు ఖర్మ అనుకోరు.

వ్యాకరణం మాస్టారు:
బాగుందండి. ఫైలు సరిదిద్దేటప్పుడు ఒక్కటి చూసుకోండి. బ్ద ఉన్నచోటల్లా బ్ధ చేసెయ్యమని కంప్యూటరుకు ఒకేసారి చెప్పొద్దు, శబ్దాలన్నీ శబ్ధాలైపోతాయి. ‘ప్రారబ్ద’ అని పూర్తిగా కొట్టి వెతికి మార్చండి.