హాట్ టబ్ కొనాలా వద్దా? 8,500 అనుకున్నది 13 వేలకు చేరింది

కృష్ణాతీరం_ఫ్రిస్కో:
రెండేళ్లుగా మా ఇంట్లో తెగని విషయం, ఇక్కడ అడిగితే అయినా తేలుతుందని రాస్తున్నా. మా ఆవిడ నర్సు. పన్నెండు గంటల షిఫ్టు చేసి ఇంటికొచ్చేసరికి నడుము, పిక్కలు పట్టేసి ఉంటాయి. బ్యాక్‌యార్డ్‌లో హాట్ టబ్ (ఎప్పుడూ వేడినీళ్లుండే పెద్ద తొట్టి) పెట్టించుకుందాం అంటుంది. ఆరుగురు పట్టే ఆక్రిలిక్ టబ్ 8,500 డాలర్లు అన్నారు, సరే అనుకున్నాను. ఆ తర్వాత ఒక్కొక్కటీ బయటికొచ్చింది. సేల్స్ ట్యాక్స్ 8.25 శాతం, అంటే ఇంకో 700. దీనికి 240 వోల్టులు, 50 ఆంపుల లైను విడిగా లాగాలట. మా కరెంటు ప్యానెల్ గరాజ్ వైపు, టబ్ పెట్టే చోటేమో ఇంటికి అవతలి మూల, దాంతో ఎలక్ట్రీషియన్ 1,800 అడిగాడు. కింద కాంక్రీటు పోయించాలి, అది 1,600. మెట్లు, మూత ఎత్తే లిఫ్టర్ కలిపి 400. మొత్తం 13 వేలు, ఇంకా అందులో నీళ్లు కూడా పోయలేదు. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) అనుమతి, సిటీ పర్మిట్ ఇవన్నీ వేరే. నెలకి ఎంతవుతుందంటే డీలర్ "పెద్దగా ఏం కాదండీ" అన్నాడు తప్ప అంకె చెప్పలేదు. వాడుతున్నవాళ్లు, వాడి మానేసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

ఎడిసన్_బాబాయ్:
వద్దు తమ్ముడూ. ఆరేళ్లు ఉంచుకుని పోయిన వేసవిలో తీయించేశాను. ఊరికే ఇస్తానన్నా పట్టుకెళ్లడానికి ఎవరూ రాలేదు, చివరికి ముక్కలు కోసి తీసుకెళ్లడానికి నేనే 450 ఇచ్చాను. మొదటి ఏడాది వారానికి నాలుగు రోజులు దిగేవాళ్లం. రెండో ఏడాది శని, ఆదివారాలు. తర్వాత పిల్లల క్లాసులు, టోర్నమెంట్లు, మూడేసి వారాలు మూత తీసేవాళ్లం కాదు. మనం దిగినా దిగకపోయినా అది మాత్రం పగలూ రాత్రీ నీళ్లు కాచుకుంటూనే ఉంటుంది. నాలుగో ఏట మూత లోపలి ఫోమ్ నీళ్లు తాగి ఇద్దరం పట్టినా లేవనంత బరువైంది, కొత్తది 550. ఐదో ఏట సర్క్యులేషన్ పంప్ పోయింది, మెకానిక్ ఖర్చుతో కలిపి 700. క్లోరిన్, పీహెచ్ సరిచేసే పొడులు, టెస్ట్ స్ట్రిప్‌లు, ఫిల్టర్లు అన్నీ చూస్తే ఏటా 300 తగ్గలేదు. చలికాలంలో కరెంటు బిల్లు నెలకి 60, 70 పెరిగేది.

ఇంకో మాట ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తున్నా. మా అమ్మానాన్న వచ్చినప్పుడు ఆదివారం పొద్దున ఒంటికి నువ్వుల నూనె రాసుకుని, వేడినీళ్లు బాగున్నాయి కదా అని సరాసరి అందులోకి దిగారు. వాళ్ల తప్పేం లేదు, అభ్యంగనానికి అంతకన్నా మంచి నీళ్లు ఎక్కడ దొరుకుతాయి. కానీ గంటలో నీళ్లమీద నురగ, అంచు చుట్టూ జిడ్డు గీత, రెండు ఫిల్టర్లూ పూడుకుపోయాయి. జనవరి చలిలో 400 గ్యాలన్ల నీళ్లు పారబోసి, టబ్ కడిగి, మళ్లీ నింపి కాచుకోవాల్సి వచ్చింది. నూనె, లోషన్, సబ్బు మిగిలిన స్విమ్ సూట్, ఏది పడినా దానికి పడదు. దిగే ముందు ప్రతి ఒక్కరూ షవర్ చేసి రావాలి. చుట్టాలకి ఆ మాట ఎన్నిసార్లని చెప్తాం.

సియాటిల్_వాన:
బాబాయ్ గారి మాట కాదనను కానీ అది అందరి కథా కాదు. నాకు డిస్క్ ప్రాబ్లం ఉంది. మూడేళ్లుగా రాత్రి తొమ్మిదికి ఇరవై నిమిషాలు, ఏడాదిలో 300 రోజులు తక్కువ కాకుండా దిగుతున్నాను. పెట్టించడానికి 10,800 అయ్యింది. కరెంటు, కెమికల్స్ అన్నీ కలిపి నెలకి 75 చొప్పున మూడేళ్లకి 2,700. అంటే 13,500 ని 900 సార్లకి పంచితే ఒకసారికి 15 డాలర్లు, ఇంకా ఎన్నాళ్లు వాడితే అంత తగ్గుతుంది. ఆ ఇరవై నిమిషాలు లేకపోతే నాకు నిద్ర పట్టదు. మీ ఆవిడ షిఫ్టులు చేసి వస్తున్నారు అన్నయ్యా, ఆవిడకి అది సోకు కాదు, అవసరం. 13 వేలు మీకు ఎక్కువా తక్కువా అని కాకుండా ఆవిడ రోజూ వాడతారా లేదా అని అడగండి.

లెక్కలోడు_శాన్‌హోసే:
కరెంటు గురించి అందరూ అంచనాగా చెప్తున్నారు, కాస్త లెక్క వేద్దాం. 400 గ్యాలన్ల నీళ్లంటే 3,300 పౌండ్ల పైన. వాటిని 60 ఫారెన్‌హీట్ నుంచి 100కి తేవాలంటే దాదాపు 39 యూనిట్లు కావాలి. 5.5 కిలోవాట్ల హీటర్ అయితే ఏడు గంటలు. యూనిట్ 15 సెంట్లయితే 6 డాలర్లు, మా దగ్గర 40 సెంట్లు పడుతుంది కాబట్టి 16. ఇది నీళ్లు మార్చినప్పుడల్లా అయ్యే ఖర్చు, దీనికి భయపడక్కర్లేదు.

అసలు ఖర్చు మూత వేసి ఉన్నప్పుడు గోడల్లోంచి, మూతలోంచి పోయే వేడి. కాలిఫోర్నియాలో అమ్మే ప్రతి పోర్టబుల్ టబ్‌కీ స్టాండ్‌బై (అలా ఊరికే ఉన్నప్పుడు) ఎన్ని వాట్లో లేబుల్ ఉండాలి. 400 గ్యాలన్ల మామూలు టబ్‌కి పరిమితి సుమారు 244 వాట్లు, అంటే నెలకి 175 యూనిట్లు. మీ ఫ్రిస్కోలో 15 సెంట్లు అనుకుంటే 26 డాలర్లు, నాకు 70. ఆ లేబుల్ కోసం చేసే పరీక్ష నీళ్లు 102, బయట 60 డిగ్రీలు ఉన్నట్టు లెక్కేసి చేస్తారు. బయట 30కి పడిపోతే తేడా 42 నుంచి 72 అవుతుంది కాబట్టి ఆ 175 కాస్తా 300 యూనిట్లు. బాబాయ్ గారి బిల్లు అందుకే 60 దాటింది. మూత తెరిచి జెట్స్ (నీళ్లు జోరుగా చిమ్మే గొట్టాలు) వేసుకుంటే అది అదనం. కాబట్టి షోరూంలో జెట్స్ ఎన్ని, లైట్లు ఎన్ని రంగులు అని కాదు, స్టాండ్‌బై వాట్లు ఎన్ని, మూత మందం ఎంత, ఇన్సులేషన్ ఏంటి అని అడగండి. నా వరకు నేను కొనలేదు, మా కరెంటు రేటుకి గిట్టుబాటు కాదు. మీ ఊళ్లో అయితే కరెంటు సమస్య కాదు.

గాలిటబ్_అలెన్:
ముందు గాలి నింపే టబ్ కొని చూడండి. నేను 500 పెట్టి కొన్నాను, మామూలు 120 వోల్టుల ప్లగ్గే, ఎలక్ట్రీషియన్ అక్కర్లేదు. అక్టోబర్‌లో పెట్టాం, క్యాలెండర్ మీద టిక్కు పెడుతూ వచ్చాం, మార్చి వరకు చూస్తే 19 సార్లు. 13 వేలు మిగిలాయి.

సియాటిల్_వాన:
ఆ పరీక్ష నాకు సరైనదిగా అనిపించట్లేదు. వాటి గోడలు పల్చన, హీటర్ కిలోవాటుంపావు ఉంటే గొప్ప, చన్నీళ్లు వేడెక్కడానికే ఒకటిన్నర రోజు. చాలావాటి మాన్యువల్లోనే బయట 40 డిగ్రీల లోపు వాడొద్దని ఉంటుంది. ఎప్పుడు కావాలో అప్పుడే పనిచేయకపోతే ఎవరు దిగుతారు? 19 సార్లే వాడారంటే మీకు ఇష్టం లేక కాదేమో, నీళ్లు గోరువెచ్చగా ఉండబట్టేమో.

గాలిటబ్_అలెన్:
నిజమే, జనవరిలో నీళ్లు 95 దాటలేదు, బిల్లు మాత్రం 90 పెరిగింది. కానీ నీళ్ల సంగతి చూసుకునే ఓపిక మాకుందో లేదో తెలిసింది కదక్కా. నాకు లేదు. రెండో నెలకే స్ట్రిప్ ముంచడం మానేశాను, మా చిన్నాడికి ఒళ్లంతా ఎర్రటి పొక్కులు వచ్చాయి. పెద్ద టబ్ కొన్నా అదే జరిగేది.

మందులషాపు_షార్లెట్:
నేను ఫార్మసిస్ట్‌ని, పొక్కుల సంగతి వచ్చింది కాబట్టి రాస్తున్నా. వేడినీళ్లలో క్లోరిన్ త్వరగా తగ్గిపోతుంది, అది పడిపోతే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పెరిగి ఆ పొక్కులు తెస్తుంది. లెజియోనెల్లా అయితే ఊపిరితిత్తులకే వస్తుంది. సీడీసీ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) చెప్పేది క్లోరిన్ కనీసం 3 పీపీఎం (పది లక్షల భాగాలకి 3), బ్రోమిన్ అయితే 4 నుంచి 8, పీహెచ్ 7.0 నుంచి 7.8. నీళ్లు మార్చడానికి ఒక లెక్క ఉంది: గ్యాలన్లని మూడుతో భాగించి, మళ్లీ రోజూ దిగేవాళ్ల సంఖ్యతో భాగించండి. 400 గ్యాలన్లు, ఇద్దరు అయితే 66 రోజులు. ఐదుగురైతే నెల కూడా కాదు.

ఇంకా, 104 డిగ్రీలు దాటకూడదు. ఐదేళ్ల లోపు పిల్లల్ని దింపొద్దు. గర్భిణులు దూరంగా ఉండాలి. బీపీ మందులు వాడే అమ్మానాన్నలు వేడినీళ్లలోంచి గబుక్కున లేస్తే ప్రెషర్ పడిపోయి తూలతారు, డాక్టర్‌ని అడగకుండా వద్దు. మూతకి తాళం తప్పనిసరి, పక్కింటి పిల్లలు కూడా వస్తుంటారు. ఇంటి ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పడం మర్చిపోకండి.

ప్లేనో_పద్మ:
టెక్సాస్ వాళ్లు 2021 ఫిబ్రవరి మంచు తుఫాను మర్చిపోకూడదు. మాకు రెండు రోజులు కరెంటు లేదు. టబ్‌లో నీళ్లు చాలాసేపు వెచ్చగానే ఉన్నాయి, మూత మంచిది. కానీ పక్కన పంపులు ఉండే చోట సన్న పైపుల్లో నీళ్లు గడ్డకట్టి రెండు చోట్ల పగిలాయి, రిపేరు 1,900. ఆ డబ్బు ఎవరి లెక్కలోనూ ఉండదు. అయినా మేం టబ్ తీసేయలేదు, మా అత్తగారు నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా (డాక్టర్ సరేనన్నాకే) రోజూ దిగుతారు, మోకాళ్లకి హాయిగా ఉందంటారు.

ఎడిసన్_బాబాయ్:
సియాటిల్ అమ్మాయీ, నీ 15 డాలర్ల లెక్క ఒప్పుకుంటా, కానీ నీకు నొప్పి ఉంది, అందుకే రోజూ దిగుతున్నావు. నాలాంటివాడు ఆరేళ్లలో మహా అయితే 350 సార్లు దిగి ఉంటాడు, పెట్టింది 16 వేల పైనే, ఒక్కోసారికి 45 దాటింది. అదే జిమ్‌లో నెలకి 40 కడితే టబ్, ఆవిరి గది రెండూ ఉన్నాయి, నీళ్లు వాళ్లే చూసుకుంటారు. ఇల్లు అమ్మినప్పుడు టబ్‌కి రూపాయి విలువ కట్టలేదు, తీసేస్తే కొంటామన్నవాళ్లు కూడా ఉన్నారు.

సియాటిల్_వాన:
రాత్రి షిఫ్టు దిగి వచ్చినావిడ మళ్లీ కారు తీసి జిమ్‌కి వెళ్తుందా బాబాయ్? ఇంటి వెనక తలుపు తీస్తే ఉండటమే దాని విలువ.

కృష్ణాతీరం_ఫ్రిస్కో:
అందరికీ థాంక్స్. రాత్రి ఇదంతా ఆవిడకి చదివి వినిపించాను. నేను డబ్బు గురించి మాట్లాడుతుందనుకున్నా, ఆవిడ అడిగింది మాత్రం వారానికి మూడుసార్లు నీళ్లు ఎవరు చూస్తారని. నేను చూస్తానన్నాను. గాలిటబ్ తమ్ముడు చెప్పింది గుర్తుంది, అందుకే అనేముందు బాగా ఆలోచించాను. ఆరుగురిది వద్దు, మేం రోజూ దిగేది ఇద్దరమే, 250 గ్యాలన్ల ముగ్గురి టబ్ చూద్దాం అనుకుంటున్నాం. దాన్ని ప్యానెల్ ఉన్న వైపే, గరాజ్ పక్కన పెడితే లైను ఖర్చు కూడా తగ్గుతుందేమో. శనివారం వెళ్లి స్టాండ్‌బై వాట్లు అడుగుతాను.

లెక్కలోడు_శాన్‌హోసే:
వెళ్లేముందు ప్యానెల్ నుంచి టబ్ దాకా ఎన్ని అడుగులో టేపుతో కొలవండి, ప్యానెల్లో 50 ఆంపుల బ్రేకర్‌కి చోటు ఉందో లేదో ఫోటో తీసుకోండి. కట్ ఆఫ్ స్విచ్ టబ్‌కి కనీసం 5 అడుగుల దూరంలో, కళ్లకి కనిపించేలా ఉండాలి, గరాజ్ పక్క సందులో ఆ జాగా సరిపోతుందేమో చూడండి. అదే ఫోటోతో ఇంకో ఇద్దరు ఎలక్ట్రీషియన్లని అడగండి. వాట్లు ఎన్నో తెలిశాక ఇక్కడ పెట్టండి, నెలకి ఎంతవుతుందో లెక్కేసి చెప్తాను.