ఎనిమిదితో ఆర్‌టీఈ సీటు అయిపోయింది, తొమ్మిదికి ఎక్కడ?

పెరంబూరు_నాన్న: పాప ఇక్కడ చెన్నైలో ప్రైవేటు స్కూల్లో ఆర్‌టీఈ సీటులో, అంటే విద్యాహక్కు చట్టం కింద ఫీజు లేకుండా, ఎనిమిది పూర్తిచేస్తోంది. తొమ్మిదికి పూర్తి ఫీజు కట్టాలని స్కూల్లో చెప్పేశారు. నాది ఆటో. అప్పు చేసి అక్కడే ఉంచాలా, కార్పొరేషన్ స్కూల్లో చేర్చాలా? రేపటికి పనికొచ్చే చదువు ఎక్కడుంది? పాపకి బయాలజీ అంటే ప్రాణం.

విల్లివాక్కం_వాణి: మా వాడికీ ఇదే జరిగింది. చట్టం పద్నాలుగేళ్ళ వరకేనట. ఎల్‌కేజీ నుంచి ఒకే బెంచీలో కూర్చోబెట్టి, ఇక పొమ్మంటే పిల్లాడేమైపోవాలి? స్నేహితుల పుట్టినరోజులకి వెళ్ళడం మానేశాడు. 2019 ముసాయిదా విద్యా విధానంలో పన్నెండో తరగతి దాకా పెంచాలన్నారు. ఏదీ?

టీనగర్_మూర్తి: ముందు తెలుగు సంగతి చూసుకోండి. 2006 చట్టంతో ఇక్కడ తమిళనాడు బళ్ళలో తమిళం తప్పనిసరైంది. 2016లో మా అమ్మాయి పదో తరగతి. తమిళ పరీక్ష నుంచి కోర్టు మినహాయింపు ఇచ్చేదాకా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

అంబత్తూరు_అక్క: మూర్తిగారూ, ఆయన అడిగింది ఫీజు గురించి. ఏ చర్చ వచ్చినా మీది ఇదే పాట. నేను తమిళ మీడియంలోనే చదివి నర్సునయ్యాను. ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నాం.

టీనగర్_మూర్తి: మాట్లాడితే చాలా? మీ పిల్లలు బండి ఱ రాయగలరా?

అంబత్తూరు_అక్క: మీరు ఆఖరిసారి ఎప్పుడు రాశారో చెప్పండి ముందు.

లెక్కల_మాస్టారు: గొడవ ఆపండి. పన్నెండేళ్ళుగా ట్యూషన్లు చెబుతున్నాను, ఈ రూల్సన్నీ నాకు కొట్టినపిండి. మెడికల్ సీట్లలో సర్కారు బడి పిల్లలకి 7.5 శాతం కోటా ఉంది కానీ, ఆరు నుంచి పన్నెండు దాకా అక్కడే చదివుండాలి. పాపకి ఇక రాదు. అప్పు చేసైనా ఉంచెయ్యండి.

వ్యాసర్పాడి_కుర్రాడు: మాస్టారూ, మీ పిండిలో రాయి పడింది. ఆర్‌టీఈ సీటులో ఎనిమిది దాకా ప్రైవేటులో చదివి, తొమ్మిది నుంచి పన్నెండు సర్కారు బడిలో చదివినవాళ్ళకీ కోటా ఉందని 2020 చట్టంలోనే ఉంది. 2021లో ఇంజనీరింగ్‌కీ తెచ్చారు. నేను అలా వచ్చినవాణ్ణే. ఫీజు సర్కారే కడుతోంది.

లెక్కల_మాస్టారు: మా స్టూడెంట్ ఒకడికి రాలేదు. చట్టం నువ్వు రాశావా?

వ్యాసర్పాడి_కుర్రాడు: వాడిది ఆర్‌టీఈ సీటేనా?

లెక్కల_మాస్టారు: ...ఫీజు కట్టి చదివాడు. అయినా నీట్ ఎవడు రాస్తాడు? కోటా ఉంటే కోచింగ్ అక్కర్లేదా?

అంబత్తూరు_అక్క: ఆ కోచింగ్ మీ దగ్గరే ఉంటుంది లెండి!

విల్లివాక్కం_వాణి: నేను మావాణ్ణి ఎయిడెడ్ బడిలో, అదే సర్కారు సాయంతో నడిచే ప్రైవేటు బడిలో వేశానే. అది?

వ్యాసర్పాడి_కుర్రాడు: ఎయిడెడ్‌కి రాదక్కా. కార్పొరేషన్ బడికి వస్తుంది.

విల్లివాక్కం_వాణి: ఒక్కరైనా చెప్పలేదు. ఒక్కరు.

వ్యాసర్పాడి_కుర్రాడు: పెరంబూరు అన్నా, టీసీ తీసుకునేటప్పుడే ఆర్‌టీఈ సీటని కాగితం రాయించుకో. మా అమ్మ దానికోసం పాత స్కూల్ చుట్టూ నాలుగు రోజులు తిరిగింది, కూలి పోగొట్టుకుని.

టీనగర్_మూర్తి: ఆ కార్పొరేషన్ బడిలో తెలుగు టీచరున్నారా?

పెరంబూరు_నాన్న: సోమవారం బండి తియ్యను, స్కూలుకే వెళ్తాను. మూర్తిగారూ, మా పాపకి తమిళంలోనే ఎక్కువ మార్కులు.