సమస్యాపూరణం: "చక్ర మొకటి మారె చదర మగుచు"

నిర్వాహకుడు:
ఈ వారం పూరించవలసిన సమస్య ఇది.

"చక్ర మొకటి మారె చదర మగుచు"

ఛందస్సు ఆటవెలది. సమస్య నాలుగవ పాదంగానే ఉండాలి. లెక్కలు తెలిసినవారికి ఇది ఎక్కడ గుచ్చుకుంటుందో చెప్పనక్కరలేదు. వృత్తలేఖినితోను, గుర్తులు లేని కొలబద్దతోను మాత్రమే పని చేస్తూ, ఇచ్చిన వృత్తానికి సమానమైన వైశాల్యం గల చతురస్రాన్ని గీయడం అసాధ్యమని 1882లో గణితజ్ఞుడు లిండెమాన్ తేల్చేశాడు. అంటే మీకిచ్చిన పాదం పచ్చి అబద్ధం. దాన్ని నిజం చేయడం మీ వంతు. షరతు ఒకటే, పద్యం కోసం గణితాన్ని బలిపెట్టకండి. యతి తప్పితే నేను సవరిస్తాను. వృత్తం చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే వచ్చే ‘పై’ విలువ తప్పితే లెక్కల మాస్టారు ఊరుకోరు.

పద్యాభిమాని:
గురువుగారికి నమస్సులు. నా పూరణ.

రేయి పగలు గీచి రేఖలెన్నో వాడు
కూర్కు వచ్చి పడియె కొంత సేపు
కలయె తీర్చె వాని కష్టమంతయు నాడు
చక్ర మొకటి మారె చదర మగుచు

నిర్వాహకుడు:
పద్యం నిర్దోషం, ధార బాగున్నది. కునుకుకు ‘కూర్కు’ అన్న మాట వినబడి ఎన్నాళ్లయిందో! అయితే అసంభవమైన సమస్య కనబడగానే కలలోకి జారుకోవడం అరిగిపోయిన దారి. మీ చేతికి ఇంతకన్న మంచి పూరణ వస్తుంది, మరొకటి ప్రయత్నించండి.

విశ్రాంత ఇంజనీరు:
పూరణకు ముందు ఒక సందేహం. ‘పై’ కరణీయ సంఖ్య, అంటే భిన్నంగా రాయడానికి లొంగనిది, కాబట్టి ఈ పని కుదరదని చిన్నప్పటి నుంచి వింటున్నాను. రెండు వర్గమూలం కూడా కరణీయమే. కానీ ఒకటి భుజంగా చతురస్రం గీసి కర్ణం కలిపితే అది ఎదురుగా నిలబడుతుంది. మరి ‘పై’ చేసిన పాపమేమిటి?

లెక్కల మాస్టారు:
అడగవలసిన ప్రశ్నే అడిగారు. కరణీయం కావడం ఇక్కడ అసలు కారణం కాదు. ‘పై’ కరణీయమని లాంబర్ట్ 1760లలోనే నిరూపించాడు. అయినా వృత్తాన్ని చదరం చేసే ప్రశ్న మరో వందేళ్లకు పైగా తెగలేదు.

కొలబద్ద, వృత్తలేఖిని చేయగలిగిందల్లా కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, వర్గమూలం. వీటిని ఎన్నిసార్లు కలిపి వాడినా వచ్చే సంఖ్య పూర్ణాంకాలు గుణకాలుగా ఉన్న ఏదో ఒక బహుపది సమీకరణానికి మూలమై తీరుతుంది. రెండు వర్గమూలం అటువంటిదే. ‘పై’ అటువంటిది కాదు, అలాంటి ఏ సమీకరణానికీ చిక్కదు. అందుకే దాన్ని బీజాతీత సంఖ్య అంటారు. వ్యాసార్థం ఒకటైతే మనకు కావలసిన భుజం ‘పై’ వర్గమూలం. దాన్ని గీయగలిగితే దాని వర్గమైన ‘పై’ని కూడా గీయగలగాలి. అది కుదరదు కనుక ఇదీ కుదరదు.

కొత్త సభ్యురాలు:
నమస్కారమండీ. ఇక్కడ నా మొదటి పూరణ.

వడ్డి చేర్చి చేర్చి వచ్చు సంఖ్యను బట్టి
పై రహస్య మొక్క పండితుండు
తేల్చె గాదె యెందు జెప్పుడీ యార్యులు
చక్ర మొకటి మారె చదర మగుచు

నిర్వాహకుడు:
స్వాగతం తల్లీ! ‘ఎందు చక్రమొకటి చదరంగా మారింది, చెప్పండి’ అని సమస్యనే ప్రశ్నగా తిప్పారు. ఒక్క అక్షరం కదపకుండా అబద్ధం నోరు మూయించారు. మూడవ పాదంలో మాత్రం యతి తప్పింది. ‘తే’కు ‘జె’ చెల్లదు. ‘తేల్చె గాదె యెందు తెల్పుడీ యార్యులు’ అనండి, సరిపోతుంది. రెండవ పాదంలో ‘పై’కి ‘పం’ చక్కగా కుదిరింది. వడ్డికి, ‘పై’కి చుట్టరికం ఏమిటో మాస్టారు చెప్పాలి.

లెక్కల మాస్టారు:
వడ్డిని ఏడాదికొకసారి కాక క్షణక్షణం అసలుకు కలుపుతూ పోతే, నూటికి నూరు వడ్డీ మీద రూపాయి ఏడాదికి 2.71828… రూపాయలవుతుంది. అదే ఆయిలర్ సంఖ్య. అది బీజాతీతమని 1873లో హెర్మిట్ నిరూపించాడు. లిండెమాన్ ఆ దారినే ఇంకొంత ముందుకు నడిచాడు. సున్న కాని ఏ బీజీయ సంఖ్యను ఘాతంగా వేసినా ఆయిలర్ సంఖ్య బీజీయ సంఖ్యను ఇవ్వదని చూపాడు. బీజీయమంటే ఏదో ఒక సమీకరణానికి చిక్కేదని అర్థం.

ఇక మిగిలింది ఒక్క అడుగు. ఘాతంగా ‘పై’ని, మైనస్ ఒకటి వర్గమూలాన్ని గుణించి వేస్తే సరిగ్గా మైనస్ ఒకటి వస్తుందని ఆయిలర్ సూత్రం. మైనస్ ఒకటి బీజీయమే. కనుక పైన ఉన్న ఘాతం బీజీయం కాకూడదు. అందులో మైనస్ ఒకటి వర్గమూలం బీజీయమే కాబట్టి నేరమంతా ‘పై’ మీద పడింది. అమ్మాయి ‘సంఖ్యను బట్టి’ అన్న మాటలో ఈ నిరూపణంతా ఉంది. నేనైతే యతి తప్పినా మార్కులు వేసేవాణ్ణి.

నిర్వాహకుడు:
నేను వేయను.

వైదిక సాహిత్యాభిమాని:
యజ్ఞశాల లోన నగ్నివేదుల యందు
నొకటి గుండ్ర మగును నొకటి చదర
మైన రెంటి నేల మానమొక్కటె యౌట
చక్ర మొకటి మారె చదర మగుచు

నిర్వాహకుడు:
అగ్నివేదుల్లో గార్హపత్యమనేది గుండ్రం, ఆహవనీయమనేది చదరం, రెండింటి వైశాల్యం సమానం. మంచి సందర్భం పట్టారు. ‘చదర/మైన’ అని పాదాలను కలిపిన తీరు హాయిగా ఉంది. కానీ మీ పద్యంలో వేదులు రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఏదీ ఇంకొకటిగా మారలేదు. ‘మారె’ అన్న క్రియకు జవాబు రాలేదు.

వైదిక సాహిత్యాభిమాని:
వృత్తాన్ని చతురస్రంగా మార్చే విధానం యజ్ఞవేదుల కొలతలు చెప్పే బౌధాయన శుల్బసూత్రంలోనే ఉంది కదండీ. మారింది అనడానికి అది చాలదా?

లెక్కల మాస్టారు:
ఉంది. అందులోని ముతక పద్ధతి ప్రకారం వ్యాసాన్ని పదిహేను భాగాలు చేసి రెండు తీసేస్తే మిగిలిన పదమూడు చతురస్రం భుజం. వెనక్కి లెక్క కడితే ‘పై’ 3.0044 అవుతుంది. అగ్నిహోత్రుడు సర్దుకుపోయి ఉంటాడు.

విశ్రాంత ఇంజనీరు:
ఉజ్జాయింపుకు అభ్యంతరం లేకపోతే నాదీ ఒకటి.

చదర మైళ్లు లక్ష సాగిన వలయాన
నంగుళమ్ము తేడ యనెను గాదె
రమ్య రేఖలందు రామానుజుడు గీయ
చక్ర మొకటి మారె చదర మగుచు

నిర్వాహకుడు:
ఆహా! రామానుజుడి పేరు గణాల్లో ఇమడడమే కష్టం. దాన్ని నాలుగవ గణంలో కూర్చోబెట్టి యతి కూడా వేశారు.

లెక్కల మాస్టారు:
1913లో రామానుజన్ భారత గణిత సంఘం పత్రికలో ఇచ్చిన నిర్మాణం అది. ‘పై’కి బదులు 355/113 పెట్టి, కొలబద్దతో వృత్తలేఖినితో గీసి చూపాడు. వృత్తం వైశాల్యం 1,40,000 చదరపు మైళ్లయితే భుజంలో వచ్చే తప్పు సుమారు ఒక అంగుళమని ఆయనే రాశాడు. మీరు లక్ష దగ్గరే ఆగిపోయారు.

విశ్రాంత ఇంజనీరు:
ఆ నలభై వేలు ఆటవెలదిలో పట్టలేదు మాస్టారూ. ‘లక్ష సాగిన’ అన్నాను, లక్షతో ఆగిందని అనలేదు.

పద్యాభిమాని:
గురువుగారు కల వద్దన్నారు కనుక ఈసారి మెలకువగా ఉన్నవాళ్ల కథ.

సభను చేతులెత్తి శాసించిరట లెక్క
పైకి క్రొత్త విలువ పంచిపెట్టి
రెదురు చెప్పువార లెవ్వరు లేకున్న
చక్ర మొకటి మారె చదర మగుచు

నిర్వాహకుడు:
అమెరికాలో ఇండియానా రాష్ట్రపు శాసనసభ 1897లో చేసిన నిర్వాకమే కదా ఇది! వృత్తాన్ని చదరం చేశానన్న ఒక వైద్యుడి మాట నమ్మి, ఆ సభ బిల్లును ఒక్క వ్యతిరేక వోటు లేకుండా ఆమోదించింది. సెనేట్‌లో మాత్రం అది నిరవధికంగా వాయిదా పడింది. వేరే పని మీద అక్కడికి వచ్చిన గణిత ఆచార్యుడొకరు సభ్యులకు విషయం విడమరచి చెప్పడం వల్ల పరువు దక్కింది. ‘పంచిపెట్టి/రెదురు’ సంధి బాగుంది. అభినందనలు.

లెక్కల మాస్టారు:
ఇంతసేపు పరులను దిద్దాను, ఇప్పుడు నన్ను దిద్దండి.

ముక్కలెన్నొ చేసి మోసికొంచును పేర్చ
నొక్కటైన మిగుల దొక్క సందు
లేదు త్రిప్పకుండ లెస్సగా జరిపిన
చక్ర మొకటి మారె చదర మగుచు

నిర్వాహకుడు:
‘నొక్క – దొక్క’ అచ్చులు కలిసే స్వరయతికీ సరిపోయింది, రెండవ అక్షరాలు కలిసే ప్రాసయతికీ సరిపోయింది. దిద్దడానికి ఏమీ లేదు. కానీ ఇందాక అసాధ్యమని చెప్పిన నోటితోనే ఇలా అంటారేమిటి?

లెక్కల మాస్టారు:
అసాధ్యమన్నది కొలబద్ద, వృత్తలేఖినులకు. నిండు వృత్తాన్ని పరిమిత సంఖ్యలో ముక్కలు చేసి, వాటినే పేర్చి సమాన వైశాల్యం గల చదరం చేయవచ్చా అని టార్‌స్కీ 1925లో వేరే ప్రశ్న వేశాడు. చేయవచ్చని 1990లో లాట్స్‌కోవిచ్ నిరూపించాడు. ముక్కలను తిప్పనవసరం కూడా లేదు, పక్కకు జరిపితే చాలు. అందుకే ‘త్రిప్పకుండ’ అన్నాను. అయితే అవి కత్తెరకు తెగే ముక్కలు కావు, బొమ్మ గీసి చూపలేనంత చిందరవందర బిందు సమితులు. ఆయన అంచనాలో వాటి సంఖ్య ఒకటి పక్కన దాదాపు యాభై సున్నలు.

పద్యాభిమాని:
ఆ యాభై సున్నలనూ ‘ఎన్నొ’ అన్న రెండక్షరాల్లో సర్దేశారా!

నిర్వాహకుడు:
ఈ వారం ప్రథమ తాంబూలం మాస్టారిదే. కొత్త సభ్యురాలి ప్రశ్నార్థకం దాని పక్కనే కూర్చుంటుంది. సవరించిన పాదంతో పూరణ మళ్లీ పెట్టమని ఆమెకు మనవి.

వచ్చే వారానికి తేటగీతి. ఆయిలర్ సంఖ్య, ‘పై’ రెండూ బీజాతీతాలని తెలుసు. వాటిని కూడితే వచ్చేది భిన్నమో కరణీయమో మాత్రం ఇప్పటికీ ఎవరూ నిరూపించలేదు. మీరు ఆ అర్థమే తీసుకోనక్కరలేదు.

"తెలియు నీ రెండు మొత్తమే తెలియదాయె"