బోర్ల రిజిస్టరును వెబ్ మ్యాపులోకి ఎక్కించేటప్పుడు ఒక్కో బావిని దేనితో గుర్తించాలి?

బావిగట్టు:
నమస్కారం. అనంతపురం జిల్లాలోని మూడు గ్రామాల రైతులు రాసిపెట్టుకున్న బోర్ల రిజిస్టర్లను మా బృందం వెబ్ మ్యాపులోకి ఎక్కిస్తోంది. సర్వే నంబరునే బావికి గుర్తుగా పెట్టుకున్నాము గాని, ఒకే సర్వే నంబరులో నాలుగైదు బోర్లు ఉన్నచోట ఒకదాని నీటిమట్టం ఇంకొకదాని ఖాతాలో పడుతోంది. కొన్ని బావులైతే పక్క మండలంలో కనిపిస్తున్నాయి. ఎండిపోయిన బోర్లను తొలగించవచ్చా అన్నది మరో సందేహం.

సర్వేరాయి:
సర్వే నంబరు భూమికి గుర్తే గాని బావికి కాదండి. అన్నదమ్ములు పొలం పంచుకుంటే అదీ చీలిపోతుంది. ప్రతి బోరుకూ ఎన్నటికీ మారని సొంత నంబరు ఇచ్చి, కేసింగ్ పైపు మీద పెయింటుతో రాయించండి. కొలత తీసేవారు పొలంలో నిలబడి ఆ నంబరు చూసే నమోదు చేయాలి. బావి వివరాలు ఒక పట్టికలో, తేదీలవారీ కొలతలు వేరే పట్టికలో ఉంచి, రెండింటినీ ఈ నంబరుతో కలపండి. పట్టికలను స్థానాలతో సహా దాచే పోస్ట్‌జీఐఎస్, వాటిని పటంగా చూపే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితమే, మీ పనికి అవి చాలు.

చుక్కలు పక్క మండలానికి పోవడానికి కారణం చాలావరకు టైపింగే. 14 డిగ్రీల 30 నిమిషాలంటే 14.5 డిగ్రీలు, దాన్ని 14.30 అని కొడితే బావి దాదాపు 22 కిలోమీటర్లు దక్షిణానికి జరుగుతుంది. అక్షాంశ రేఖాంశాలు తారుమారైతే అనంతపురం బోరు ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవులలో తేలుతుంది, కనుక ఆ తప్పు వెంటనే దొరుకుతుంది. మొదటి తప్పే ప్రమాదకరం, ఎందుకంటే చుక్క మన జిల్లాలోనే ఉండి నిజంలాగే కనిపిస్తుంది. గ్రామ సరిహద్దు పొరను వేసి, దాని బయట పడ్డ చుక్కలన్నీ ముందుగా ఏరండి.

నీటిజాడ:
ఎండిన బోరును దయచేసి తొలగించకండి. ఏ లోతున, ఏ ఏడాది ఎండిందన్న సమాచారమే పక్క రైతు కొత్త బోరుకు అప్పు చేసే ముందు చూసుకోవలసినది. స్థితిని మాత్రం మార్చి, తేదీ వేయండి. కొలతను పైపు అంచు నుంచి తీస్తారు కనుక నేలపై పైపు ఎత్తును తీసివేయాలి. మోటారు ఆపి మట్టం నిలకడకు వచ్చాకే కొలవాలి. రైతులు అడుగులలో చెబితే చెప్పినట్టే రాసుకొని, మీటర్లను పక్క గడిలో లెక్కించండి.

ఒక విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను: బావుల మధ్య ఖాళీని రంగులతో నింపే పటం వద్దు. గ్రానైటు నేలలో నీరు పగుళ్ళలో ఉంటుంది; వంద అడుగుల దూరంలోనే ఒక బోరు పారుతుంది, ఇంకొకటి వట్టిపోతుంది. ఉమ్మడి రాష్ట్రంలో ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అనే, రైతులే భూగర్భ జలాలను చూసుకొనే ప్రాజెక్టులోని రైతులు తామే నీటిమట్టం కొలిచి, రబీకి ముందు ఊరి నీటి లెక్క వేసుకున్నారు. వారిని నడిపించింది ఆ కొలతలే.

బావిగట్టు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మరొక్క మాట: 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద నమోదు కాని బోర్లు బయటపడతాయని కొందరు రైతులు వెనకాడుతున్నారు.

సర్వేరాయి:
ఆ భయం సహజమే. పేరు, ఫోను నంబరు, సర్వే నంబరు గ్రామ బృందం లాగిన్‌లోనే ఉంచి, బహిరంగ పటంలో గ్రామం మొత్తానికి ఒకే చుక్క చూపండి. ఒప్పుకోని రైతు బోరును ఎక్కించకండి. ఆ ఖాళీ మీ పటంలో అలాగే ఉండనివ్వండి.