ఫెంగ్‌డూ కొండ మీద కూర్చున్నది మన యముడేనా?

తాటిముంజ: చైనాలో చోంగ్‌చింగ్ దాకా వెళ్తున్నాం. యాంగ్జీ నది ఒడ్డున ఫెంగ్‌డూలో యమలోకం గుళ్ల కొండ ఉందట. ఒక రోజు పెట్టొచ్చా?

గోదారోడు: తప్పకుండా. అది మన యముడి కొలువే. వాళ్ల 'యాన్‌లువో' మన 'యమరాజ' అన్న మాటే, బౌద్ధంతో అటు వెళ్లి నలిగింది. ఎద్దు తల భటుడు, గుర్రం మొహం భటుడు, చావుబతుకుల చిట్టా పట్టిన గుమాస్తా... చిత్రగుప్తుడు కాక ఇంకెవరు?

కొలబద్ద: పేరు మనదే. పెద్ద హాలు తియన్‌జ్ దియన్‌లో ఉన్నది మాత్రం యాన్‌లువో కాదు. హాన్ రాజుల కాలంలో యిన్ చాంగ్‌షెంగ్, వాంగ్ ఫాంగ్‌పింగ్ ఆ కొండ మీద తపస్సు చేసి సిద్ధులయ్యారని కథ. ఇంటిపేర్లు కలిపి చదివితే 'యిన్ వాంగ్', అంటే పాతాళ రాజు. జనం నోట్లో ఇద్దరు సాధువులు ఒక్క రాజైపోయారు. యాన్‌లువో పాతాళంలోని పదిమంది న్యాయాధిపతుల్లో ఐదోవాడు. చచ్చినప్పటి నుంచి ఏడు రోజులకో కోర్టు, ఈయన వంతు 35వ రోజు. 49తో ఏడు కోర్టులు అయిపోతాయి. మిగతా మూడు నూరో రోజున, ఏడాదికి, మూడో ఏట.

పుల్లట్టు: వాయిదాలు అక్కడా తప్పవన్నమాట.

గోదారోడు: ఐదోవాడు ఎందుకయ్యాడో చెప్పరేం? మొదట్లో ఒకటో కోర్టు ఆయనదే. అన్యాయంగా చచ్చినవాళ్లని జాలిపడి వెనక్కి పంపుతున్నాడని కిందికి దించారు, వాళ్ల కథే ఇది. దించితే మన యముడు కాకుండా పోతాడా?

కొలబద్ద: కుర్చీ ఎవరిదండీ అంటే జాలి కథ చెప్తారేం?

మెట్లదారి: వెళ్లేవాళ్లకి పనికొచ్చేది: త్రీ గోర్జెస్ డ్యాం నీళ్లకి పాత ఊరు మునిగింది, కొత్త ఊరు దక్షిణపు గట్టున కట్టారు. కొండ ఉత్తరపు గట్టున ఉంది. గది తీసుకునేముందు ఇది చూసుకోండి. మెట్లు ఎక్కలేకపోతే రోప్‌వే ఉంది. నైహె వంతెన, దయ్యాల గుమ్మం, చివర హాలు ముందు రాయి, ఇవి మూడు పరీక్షలు. గుమ్మం దగ్గర గడప తొక్కొద్దు, దాటాలి. మగవాళ్లు ఎడమ కాలు ముందు, ఆడవాళ్లు కుడి. రాయి మీద ఒంటికాలితో నిలబడాలంటారు. వాన పడుతుంటే ఆ సరదా మానుకోండి.

గోదారోడు: నైహె వంతెన కూడా వైతరణి లాంటిదే కదా. కొలబద్ద గారికి మనదేదైనా బయట కనిపిస్తే మంట.

కొలబద్ద: మనది అటు వెళ్లిందని మొదటి మాటలోనే ఒప్పుకున్నాను. మీకది చాలదు. వాళ్ల యిన్ వాంగ్‌ని, వాళ్ల మెంగ్‌పో అవ్వ చచ్చినవాళ్లకి పోసే మరపు కషాయాన్ని కూడా మన ఖాతాలో రాసుకోవాలి మీకు.

గోదారోడు: మరి మీరు దాన్ని బొమ్మల కొలువులా చూసి రమ్మంటున్నారు. యముడు ఐదో కుర్చీలో ఉన్నా నేను దండం పెడతాను. అదీ నా గొడవ.

కొలబద్ద: పెట్టండి బాబూ. ఎవరికి పెడుతున్నారో తెలిసి పెట్టమంటున్నా.

తాటిముంజ: ఇంతకీ అగరొత్తులు ఎన్ని వెలిగించాలి?

మెట్లదారి: మూడు. పెద్ద కట్ట కొనమని అంటగడితే వద్దనండి.